మనస్సాక్షి చాలునా?

మన సంఘములలో తగవు పుట్టినప్పుడు పెద్దలు ఇరుపక్షములవారిని పిలిచి విచారించుట మీరెరుగుదురు. పొలముగట్టు విషయమైనను, సంఘపు లెక్కల విషయమైనను, పెండ్లి సంబంధపు విషయమైనను, చివరకు ఇరుపక్షములవారును ఒకే మాట చెప్పుదురు: "నా మనస్సాక్షి నన్ను తప్పు పట్టుట లేదు." ఆ మాటతో విచారణ ఆగిపోవును. పెద్దలకు ఏమి చేయుటకును తోచదు. ఏలయనగా ఆ మాట చెప్పిన ఇద్దరును అబద్ధికులు కారు. ఇద్దరును నిజముగానే అట్లు తలంచుచున్నారు. అయినను గట్టు ఒక్కటే, లెక్క ఒక్కటే. ఇద్దరి మాటయు సరియైనది కానేరదు.

కాబట్టి మనము నెమ్మదిగా ఆలోచింపవలసిన ప్రశ్న ఇది. మనిషి తన మనస్సాక్షి చెప్పినట్లు నడుచుకొనుట చాలునా? యథార్థ హృదయముతో తప్పుదారిని నడచువాడు దారి తప్పినవాడా, కాడా? ఈ ప్రశ్నను విచారించుటకు మన తీరముననే జరిగిన ఒక సంగతి మనకు సహాయపడును. అది గడియారముల సంగతి.

పులికాట్ సరస్సునకును సముద్రమునకును నడుమ శ్రీహరికోట దీవి యున్నది. 2022 వరకు అది నెల్లూరు జిల్లాలోనిది. ఇప్పుడు తిరుపతి జిల్లాలో చేరినది. 1971 నుండి అక్కడ రాకెట్లు ఎగురుచున్నవి. సూళ్లూరుపేట, తడ ప్రాంతములవారికి ఆ వెలుగును ఆ ధ్వనియు క్రొత్త కాదు. 2013 జూలై 1వ తేదీ రాత్రి అక్కడనుండి ఒక ఉపగ్రహము పంపబడెను. మన దేశము సొంతముగా ఏర్పరచుకొన్న దారి చూపు ఉపగ్రహముల వరుసలో అది మొదటిది. 2016 ఏప్రిల్ నాటికి అట్టివి ఏడు ఆకాశమునకు చేరెను. ఆ వరుసకు నావిక్ అని పేరు పెట్టిరి.

ఆ ఉపగ్రహము మోసికొనిపోయిన సరకులో ముఖ్యమైనది ఏదని అడిగినయెడల, గడియారమే అని చెప్పవలెను. దారి చూపుటకు గడియారమేల అందురేమో. ఉపగ్రహము "ఇప్పుడు సమయము ఇంత, నేనున్న చోటు ఇది" అని రేడియో ద్వారా ఎడతెగక చెప్పుచుండును. ఆ మాట వెలుగు వేగముతో, అనగా సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్ల చొప్పున వచ్చును. పడవలోనున్న యంత్రము ఆ మాట బయలుదేరిన వేళను చేరిన వేళతో పోల్చి, అది ఎంత దూరమునుండి వచ్చెనో లెక్క కట్టును. నాలుగు ఉపగ్రహముల మాటలు అట్లు చేరినయెడల పడవ ఉన్న చోటు తెలియును. ఇందులో గడియారము సెకనులో పదిలక్షవ వంతు తప్పినయెడల దూరము 300 మీటర్లు తప్పును. సెకనులో వెయ్యవ వంతు తప్పినయెడల 300 కిలోమీటర్లు తప్పును. మైపాడు ఎదుట వల వేసినవాడు ఎక్కడనో మెట్టభూమి మీద ఉన్నట్లు యంత్రము చెప్పును. రాత్రివేళ ఒడ్డు కనబడని నీళ్లలో ఉన్నవానికి ఆ తప్పు ప్రాణముతో కూడిన విషయము.

అందుచేత ఒక్కొక్క ఉపగ్రహములో రుబీడియము పరమాణువులతో నడచు గడియారములు మూడేసి ఉంచిరి. ఒకటి చెడినయెడల మరియొకటి ఉండవలెనని వారి ఉద్దేశము. అయినను మొదటి ఉపగ్రహములోని మూడును చెడిపోయెను. 2017 ఆరంభమున ఆ సంగతి అందరికి తెలిసెను. దానికి బదులుగా 2017 ఆగస్టు 31న పంపిన ఉపగ్రహము, రాకెట్టు కొననున్న కవచము ఊడనందున దానిలోనే చిక్కుకొనెను. 2018 ఏప్రిల్ 12న పంపినది క్షేమముగా చేరెను. 2023 మే 29న మన దేశముననే చేసిన అణు గడియారమును మోసికొని మరియొకటి శ్రీహరికోటనుండి వెళ్లెను.

ఇక్కడ గమనింపదగిన మాట ఒకటి ఉన్నది. గడియారము చెడినంతమాత్రమున ఉపగ్రహము క్రిందపడదు. అది తన ఎత్తైన స్థలములోనే యుండును. ఎండనుండి శక్తి తీసికొనుచునే యుండును. దాని స్వరము భూమికి వినబడుచునే యుండును. నావిక్ ఉపగ్రహములలో నాలుగు మాత్రమే దారి చూపు పని చేయుచున్నవనియు, మరి నాలుగు సందేశములు పంపుటకు వాడబడుచున్నవనియు 2025లో కేంద్ర ప్రభుత్వము పార్లమెంటునకు తెలిపెను. సందేశము పంపుట ఒకటి, దారి చూపుట వేరొకటి. బోధకులును సంఘ పెద్దలును ఈ మాటను మనస్సున ఉంచుకొనవలెను. ఉన్నత స్థానమందు ఉండవచ్చును, స్వరము దూరమునకు వినబడవచ్చును. అయినను లోపలి గడియారము చెడినవాని వెంట నడచిన పడవ ఒడ్డు చేరదు.

అయితే చెడిన గడియారము సంగతి సులువైనది. బాగుగా నడచుచున్న గడియారము సంగతియే మనకు ముఖ్యము. లోకములో ఎంత విలువైన గడియారమైనను తనంతట తాను సరిగా ఉండదు. కొంచెము ముందుకు పోవును, లేదా కొంచెము వెనుకబడును. భూమిమీద నున్న కేంద్రములు ఆకాశములోని ప్రతి గడియారమును రాత్రింబగళ్లు కనిపెట్టి, ఎంత తేడా వచ్చెనో దానికి తెలుపుచుండును. మరియు అమెరికావారి జీపీయస్ ఉపగ్రహములలో మరియొక వింత కలదు. ఆ ఎత్తున భూమి ఆకర్షణ తక్కువగుటచేత గడియారము వేగముగా నడచును. ఉపగ్రహపు వేగముచేత కొంత నెమ్మదించును. రెండును కలిసి దినమునకు సెకనులో 38 పదిలక్షల వంతులు ముందుకు పోవును. ముందుగానే దీనిని లెక్కించి దిద్దనియెడల ఒక్క దినములో సుమారు 11 కిలోమీటర్ల తప్పు చేరును. ఆ గడియారములో ఏ దోషమును లేదు. అది ఉన్న చోటే దాని నడకను మార్చుచున్నది.

సహోదరులారా, మన మనస్సాక్షియు అట్టిదే. అప్పిచ్చినవాని మనస్సాక్షి ఒక విధముగా నడచును. అప్పు తీసికొన్నవాని మనస్సాక్షి వేరొక విధముగా నడచును. అత్తగా ఉన్ననాడు న్యాయమని తోచినది కోడలుగా ఉన్ననాడు న్యాయమని తోచలేదు. భూమిగలవాడు కూలి లెక్క చూచినప్పుడును, కూలివాడు అదే లెక్క చూచినప్పుడును, ఇద్దరి అంతరంగములును నిర్మలముగానే ఉండవచ్చును. వారు నిలిచిన చోట్లు వేరు గనుక తేడా కలిగెను. తాను నిలిచిన చోటు తన తలంపును ఎంత ముందుకు నెట్టుచున్నదో లెక్కింపనివాడు, తాను యథార్థుడనని చెప్పుకొన్నను దారి తప్పును.

తార్సువాడైన సౌలును చూడుడి. అతడు వేషధారి కాడు. విశ్వాసులను చెరసాలలో వేయించినప్పుడు దేవునికి సేవచేయుచున్నాననియే తలంచెను. ఆ సంగతి తరువాత అతడే అగ్రిప్ప రాజు ఎదుట ఒప్పుకొనెను. అతని గడియారము ఆగిపోలేదు. మిక్కిలి ఆసక్తితో నడచుచుండెను. అది తప్పు వేళను చూపుచు నడచుచుండెను. ఆసక్తి అధికమైనకొలది హాని అధికమాయెను.

అట్లయిన గడియారము ఎట్లు దిద్దబడును? లోకములోని కంప్యూటర్లన్నియు ఒకే వేళ చూపుటకు ఒక ఏర్పాటున్నది. బ్యాంకులోని లెక్కయు, రైలు టిక్కెట్టును, చేతిలోని ఫోనును, అన్నియు వేళల పొందికమీద ఆధారపడియున్నవి. ఈ ఏర్పాటును 1985లో లోకమునకిచ్చినవాడు డేవిడ్ మిల్స్. తరువాత అమెరికాలోని డెలావేర్ విశ్వవిద్యాలయములో ఆయన బోధించెను. పుట్టుకతోనే ఆయనకు కంటిజబ్బు ఉండెను. చివరి దినములలో చూపు పూర్తిగా పోయెను. 2024 జనవరి 17న 85 ఏండ్ల ప్రాయమున మరణించెను. ఆయన యేర్పరచిన క్రమములో మనకు పనికివచ్చు నియమములు నాలుగు కనబడుచున్నవి.

మొదటిది, వినిన మాట నడచివచ్చిన దారిని లెక్కించుట. ఒక పల్లెలో గడియారమున్నది గాని సరిగా ఉన్నదో లేదో తెలియదు. సరియైన గడియారము ప్రక్క ఊరిలో ఉన్నది. వేళ కనుగొనుటకు ఒక పిల్లవానిని పంపిరి. మన గడియారములో 8 గంటలకు వాడు బయలుదేరెను. అక్కడి గడియారములో 8 గంటల 40 నిమిషములు చూచి వెంటనే తిరిగెను. వాడు వచ్చునప్పటికి మన గడియారములో 9 గంటలాయెను. పోవురాకలకు గంట పట్టెను గనుక సగము, అనగా అరగంట, పోవుటకు పట్టియుండును. వాడు అక్కడ చేరినప్పుడు మన గడియారము 8 గంటల 30 నిమిషములు చూపియుండవలెను. అక్కడ 40 ఉన్నది. కాబట్టి మనది 10 నిమిషములు వెనుకబడినది. కంప్యూటర్లు చేయునది సరిగా ఈ లెక్కయే. అయితే పిల్లవాడు తిరిగి వచ్చునప్పుడు చెరువుగట్టున ఆడుకొన్నయెడల లెక్క తప్పును, తప్పినట్లు మనకు తెలియదు. పొరుగువానిగూర్చి వినిన మాటయు ఒక దారిని నడచియే వచ్చును. అది ఎవరి నోట నిలిచి వచ్చెనో, ఎంత ఆలస్యమై వచ్చెనో విచారింపక, వినిన వెంటనే తీర్పు తీర్చుట న్యాయము కాదు.

రెండవది, ఒక్క సాక్షిని నమ్మకుండుట. ఇద్దరు చెరియొక వేళ చెప్పినయెడల ఎవరిది తప్పో తెలియదు. ముగ్గురిలో ఇద్దరు ఏకీభవించినయెడల కొంత తెలియును. అందుచేత కంప్యూటరు పలువురిని అడిగి, తక్కినవారితో పొసగని దానిని ప్రక్కన పెట్టును. ఇద్దరు ముగ్గురు సాక్షులు ఉండవలెనని మోషే ధర్మశాస్త్రము ఎంతో పూర్వమే విధించెను. కాని ఇక్కడ ఒక అపాయమున్నది. సాక్షులందరును ఒకే తప్పు గడియారమును చూచి వచ్చినవారైనయెడల, వారి ఏకీభావము సత్యము కాదు. రెండు యంత్రములు ఒకదానినొకటి చూచి వేళ దిద్దుకొన్నయెడల, రెండును పూర్ణ సమాధానముతో కలిసి తప్పిపోవును. అందుచేత ప్రతి యంత్రమును తాను ఎవరినుండి వేళ తీసికొన్నదో, మూలమునకు తాను ఎన్ని మెట్లు క్రిందనున్నదో చెప్పవలెనని నియమము. మూలమును చూచి నడచునది 1వ మెట్టు, దానిని చూచునది 2వ మెట్టు. పదిహేనవ మెట్టు దాటినది 16 అని చెప్పును. వేళ నాకు తెలియదు అని దాని అర్థము. తెలియదని ఒప్పుకొను యంత్రము మోసము చేయదు.

గలతీయులకు వ్రాసిన పత్రికలో రెండవ అధ్యాయము చదివినయెడల ఇట్టి సంగతి కనబడును. అంతియొకయలో పేతురు అన్యజనులతో కూర్చుండి భోజనము చేయుచుండెను. యెరూషలేమునుండి కొందరు రాగా భయపడి ప్రక్కకు తొలగెను. ఆయనను చూచి తక్కిన యూదులును తొలగిరి. ఆదరణకు పేరుపొందిన బర్నబా సహితము వారితో కొట్టుకొనిపోయెను. సంఘమంతయు ఏకమనస్సు గలదై తప్పెను. ఒక్కడైన పౌలు అందరియెదుట పేతురును గద్దించెను. అతడు ఎన్ని చేతులు లేచినవో లెక్కింపలేదు. సువార్త అను మూలముతో పోల్చి చూచెను.

ఈ మాట మనకు దూరమైనది కాదు. ఒకే ఊరిలో రెండు పేటల విశ్వాసులు ఒకే ప్రభువును ఆరాధించుచు, ఒకే బల్లయొద్దకు వచ్చుటకు వెనుదీయు స్థలములున్నవి. వారిలో ఎవనినైనను అడుగుడి. మా పెద్దలనాటినుండి ఇట్లే ఉన్నది, ఎవరి మనస్సునకును ఇది తప్పుగా తోచలేదు అని చెప్పును. నిజమే, తోచలేదు. పేటలో గడియారములన్నియు ఒకదానినొకటి చూచి దిద్దబడినప్పుడు ఏ గడియారమునకు తోచును?

ఇక్కడ ఒకడు ఇట్లు అడుగవచ్చును: "వేళ అనునది మనుష్యుల ఒప్పందమే గదా? మంచి చెడ్డలును అట్టి ఒప్పందమే కాదా?" ఇది తేలికగా త్రోసివేయదగిన ప్రశ్న కాదు. పూర్వము మన రైళ్లు మదరాసు వేళను అనుసరించి నడచెను. 1906 జనవరి 1 నుండి దేశమంతటికి ఒకే వేళ యేర్పడెను. అది కాకినాడకు సమీపముగా పోవు రేఖనుబట్టి లెక్కింపబడినది. నెల్లూరు దానికి పడమట నుండుటచేత, మన తలమీదికి సూర్యుడు వచ్చు సరికి గడియారము సగటున 12 గంటల 10 నిమిషములు చూపును. పండ్రెండు గంటలని దేనిని పిలువవలెనో మనుష్యులే నిర్ణయించిరి. కాని ఆ దినమున గడియారములు కదిలెను గాని సూర్యుడు కదలలేదు. మరియు 1967 నుండి సెకను అనగా సీజియము పరమాణువునందలి 919 కోట్ల 26 లక్షల 31 వేల 770 స్పందనల కాలమని లోకము ఒప్పుకొనినది. ఎన్ని స్పందనలను సెకను అనవలెనో మనుష్యులు ఒప్పుకొనిరి. స్పందనను మనుష్యులు చేయలేదు. ఢిల్లీలోని సీజియమును శ్రీహరికోటలోని సీజియమును ఒకే రీతిగా స్పందించును.

అట్లే సంఘములోను రెండు విధములైన సంగతులున్నవి. ఆరాధన ఎన్ని గంటలకు, ఎవరు ఎక్కడ కూర్చుండవలెను, ఏ పాట ముందు పాడవలెను, ఇవి ఒప్పందములు. వీటిని మార్చుకొనవచ్చును, వీటి నిమిత్తము సహోదరుని దూషింపకూడదు. కూలివానికి జీతము బిగపట్టకుండుట, అబద్ధసాక్ష్యము పలుకకుండుట, దరిద్రుని త్రోసివేయకుండుట, ఇవి ఒప్పందములు కావు. ఊరంతయు చేతులెత్తినను ఇవి మారవు. ఒప్పందమును దేవుని ఆజ్ఞగా చేయువాడును, దేవుని ఆజ్ఞను ఒప్పందముగా చేయువాడును, ఇద్దరును గడియారమును సూర్యుడని పొరబడినవారే.

మూడవ నియమము, తన దోషమును తాను ఎరిగియుండుట. కంప్యూటరు తన గడియారము స్వభావముచేత ఎంత ముందుకు పోవునో, ఎంత వెనుకబడునో నేర్చుకొని, ఆ లెక్కను వ్రాసి పెట్టుకొనును. మూలముతో సంబంధము కొంతసేపు తెగినను ఆ లెక్కనుబట్టి జాగ్రత్తపడును. నాకు కోపము త్వరగా వచ్చును, నాకు పొగడ్త రుచించును, నా బిడ్డల తప్పు నాకు కనబడదు అని ఎరిగినవాడు, ఎవరును చెప్పకపోయినను తన తీర్పును కొంత తగ్గించుకొని పలుకును.

నాలుగవది, దిద్దు విధము. తేడా చిన్నదైనయెడల యంత్రము ముల్లును చటుక్కున త్రిప్పదు. సెకనుకు రెండువేలవ వంతుకు మించకుండ నడకను మార్చును. సెకనులో పదవ వంతు దిద్దుటకు 200 సెకన్లు, అనగా మూడు నిమిషములకు పైగా పట్టును. చటుక్కున త్రిప్పినయెడల ఏది ముందు జరిగెనో ఏది వెనుక జరిగెనో లెక్కలు తారుమారగును. తేడా కొంత పెద్దదైనయెడల, కాసేపు కనిపెట్టి, నిజమేయని నిశ్చయించుకొని ఒక్కమారే దిద్దును. అయితే 1000 సెకన్లకు, అనగా సుమారు 17 నిమిషములకు మించిన తేడా కనబడినయెడల, యంత్రము తనను తాను దిద్దుకొనక ఆగిపోయి, మనిషి వచ్చి చూచుటకై కనిపెట్టును.

చిన్న తప్పులలో సహోదరుని సభయెదుట విరుచుకుపడి దిద్దువారు దీనిని గ్రహింపవలెను. నెమ్మదిగా దిద్దబడినది నిలుచును. అయితే ఆగిపోవలసిన తప్పులును కలవు. దమస్కు మార్గమున సౌలు తన నడకను కొంచెము మార్చుకొనలేదు. నేలబడెను, మూడు దినములు చూపులేక యుండెను, చేయి పట్టుకొని నడిపింపబడెను. అప్పుడు అననీయ అను సామాన్య శిష్యుడు వచ్చి అతనిమీద చేతులుంచెను. అంత జ్ఞానిని దేవుడు తానే దర్శించియు, తక్కిన పనికి ఒక మనిషిని పంపెను. పెద్ద తప్పులో ఉన్నవాడు ఒంటరిగా దిద్దుకొందునని చెప్పుట తగదు.

అట్లయిన మనస్సాక్షిని విడిచిపెట్టవలెనా? ఎన్నటికిని కూడదు. సరిలేని గడియారమును పగులగొట్టినవానికి వేళ తెలియదు. ఈ దినమున నీకున్న మనస్సాక్షి చెప్పినట్లు నడుచుకొనుము. దానికి విరోధముగా నడచుట అలవాటైనవాడు రేపు దాని స్వరమును వినలేడు. అయితే దానిని దిద్దుట మానకుము. మనస్సాక్షి సాక్షియే గాని న్యాయాధిపతి కాదు. సరియైన గడియారమనగా తప్పనిది అని అర్థము కాదు. దినదినము దిద్దుబాటుకు లోబడునది అని అర్థము.

కాబట్టి, ప్రియులారా, రాబోవు బల్లకు ముందు ప్రతివాడును రాత్రి దీపము ఆర్పకమునుపు ఈ నాలుగు మాటలు తన్ను తాను అడుగుకొనవలెను. నేడు నేను నమ్మిన మాట ఏ దారిని వచ్చెను? నాతో ఏకీభవించినవారు మూలమును చూచిరా, నన్ను చూచిరా? నా స్వభావము నన్ను ఏ వైపునకు లాగుచున్నది? నేను ఎవనిని నెమ్మదిగా దిద్దవలెను, ఎవనిచేత దిద్దబడవలెను? ఇవి అడిగిన తరువాత లేఖనమును తెరచి, సిలువవేయబడిన ప్రభువుతో తన్ను పోల్చి చూచుకొనవలెను. ఆయనయే మూలము. నీ మనస్సాక్షి నిన్ను తప్పు పట్టనప్పటికిని, నీ తగవులోని రెండవ వానియొద్దకు ముందు నీవే వెళ్లుము. వాని గడియారములో వేళ ఎంతయైనదో అడుగుము. ఇద్దరును కలిసి మూలమును చూచిన దినమున గట్టు తగవు తీరును, బల్లయు ఒక్కటియగును.